తడవకూడని రెక్కలు

ఆ ఉదయం కూడా రమోనా మేకల పాలు పితికింది. వద్దని ఎవరూ చెప్పలేదు. పాలచెంబు పొయ్యి పక్కన దించి, అలవాటుగా చిన్న గిన్నె కోసం చెయ్యి చాచింది. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ముందుగదిలో బల్ల మీద, తెల్లదుప్పటి కప్పిన చిన్న కుర్చీలో దెల్ఫీనా కూర్చుని ఉంది. పధ్నాలుగు నెలల పిల్ల. జ్వరం వచ్చింది మూడు రోజులే. ఇప్పుడు ఒంటిమీద తెల్లగౌను, తలమీద మైనం పూల కిరీటం, వీపున కాగితం రెక్కలు. ఒరిగిపోకుండా నడుముకి గుడ్డ కట్టారు.

నిన్న సాయంత్రం నుంచి ఊరు ఊరంతా వచ్చి, గిటారు వాయించి, పాడి, ఆడి వెళ్లింది. ఆ ఎండు పల్లెల్లో అప్పట్లో చంటిపిల్ల పోతే ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు. పాపం తెలియని ప్రాణం దేవదూతై తిన్నగా దేవుడి దగ్గరికి పోతుంది కాబట్టి అది పండుగే. తల్లి కన్నీరు పెడితే మాత్రం రెక్కలు తడిసి, దేవదూత మధ్యదారిలో ఆగిపోతుంది. అందుకే వచ్చిన ప్రతి ఆడదీ రమోనా బుగ్గలు తడిమి, పొడిగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్లింది.

పొద్దెక్కేసరికి ఎండ ముదిరింది. మైనం పువ్వు ఒకటి మెత్తబడి పిల్ల నుదుటికి అంటుకుంది. ఈగలు వాలుతున్నాయి. రమోనా ఆ పువ్వు తీయబోయింది.

"ముట్టుకోకు. ముట్టుకుంటే నీకు ఏడుపొస్తుంది," అంది వెనకనుంచి అత్త తోమాసా.

"సాయంత్రానికి మట్టి చేసేస్తాంగా అత్తా?"

తోమాసా వాకిలి ఊడుస్తూనే ఉంది. "రేపు."

"రేపెందుకు? మీ అబ్బాయి గొయ్యి తవ్వుతానని వెళ్లాడుగా."

"గొయ్యి ఎక్కడికీ పోదు. బాసిలియో అడిగాడు. ఈ ఒక్క రాత్రికీ పిల్లని తన కొట్టులో కూర్చోబెట్టుకుంటాట్ట. సరేనన్నాను."

బాసిలియోది ఊరి చివర సారాకొట్టు. అలా దేవదూతైన పిల్లని అరువడిగి తీసుకెళ్లి, ఎదురుగా ఆటలు పెట్టడం ఆ చుట్టుపక్కల మామూలే. పిల్ల ఉన్నచోట వాన పడుతుందంటారు. ఇవ్వనన్న ఇల్లు మాత్రం ఇంతవరకూ లేదు.

"నన్నడగలేదేం?"

"నన్ను మాత్రం ఎవరడిగారు?" అంది తోమాసా. ఆ మాట దేని గురించో రమోనాకి అర్థం కాలేదు.

అంతలో వాకిట్లో గాడిదబండి ఆగింది. బండిలో అప్పుడే గడ్డి పరిచి ఉంది. వెనకాలే గొయ్యి తవ్వి, భుజాన పారతో రమోనా భర్త సిల్వెరియో వచ్చాడు.

"తోమాసా పిన్నీ, పిల్ల తయారేనా?" బాసిలియో చేతులు దులుపుకుంటూ దిగాడు. "ఫిడేలువాడు పొద్దున్నుంచే తాగుతున్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే దెల్ఫీనాకంటే ముందు వాడే పైకి పోయేట్టున్నాడు."

రమోనా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పిల్ల రాదు బాసిలియో మావయ్యా."

"అమ్మ మాటిచ్చిందటే," అన్నాడు సిల్వెరియో, ఆమె మొహం చూడకుండా.

"ఇచ్చిన మాటని బండెక్కించుకోమను."

"అబ్బో, నీ పెళ్లాం నోరిప్పగా చూడటం ఇదే మొదలు," బాసిలియో నవ్వుతూ ముందుకొచ్చాడు. "జరుగమ్మాయ్. రేపు మధ్యాహ్నానికి తెచ్చి దింపేస్తాను. పోనీ, ఎల్లుండి."

రమోనా గబగబా లోపలికి వెళ్లి, బల్ల మీదికి వంగి, పిల్ల రెక్కల పైన తన మొహం ఉంచింది.

"ఇంకో అడుగేస్తే ఏడుస్తాను. ఈ రెక్కలు నానిపోయేట్టు ఏడుస్తాను. తడిసిన పిల్లని పట్టుకెళ్లి ఆడుకోండి. అప్పుడు వాన పడుతుందో, ఇంకేం పడుతుందో చూసుకోండి."

బాసిలియో గుమ్మంలోనే ఆగిపోయి సిలువ గీసుకున్నాడు. సిల్వెరియో చేతిలోని పార జారి నేలమీద పడింది. రమోనా రెక్కల మీంచి మొహం ఎత్తలేదు. తను బెదిరిస్తున్నది ఎవర్ని? పిల్ల నిజంగానే మధ్యదారిలో ఆగిపోతే? కళ్లు మండుతున్నా రెప్ప వేయలేదు.

తోమాసా చీపురు గోడకి ఆనించింది.

"బండి తిప్పుకో బాసిలియో."

"పిన్నీ, జనం వచ్చేస్తారు."

"నా అన్సెల్మో పోయినప్పుడు వాణ్ణి మీ నాన్నే తీసుకెళ్లాడు. ఒక్క రాత్రికనే. అక్కణ్ణించి ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. నాలుగో రోజున ఇదే వాకిట్లో దింపారు. ఆ మొహం చూసి నా బిడ్డ కాదన్నాను. చొక్కా నేను కుట్టిందే కాబట్టి ఒప్పుకున్నాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నేను ఏడవలేదు. అందరూ ఎంత మెచ్చుకున్నారో. తిప్పుకో."

బండి వెళ్లిపోయింది. సిల్వెరియో పిల్ల నడుముకి కట్టిన గుడ్డ విప్పి, తనే ఎత్తుకున్నాడు.

ఎండ తగ్గకముందే ముగ్గురే శ్మశానానికి వెళ్లి మట్టి చేశారు. సిల్వెరియో ముందు నడిచి వెళ్లాక, రమోనా ఆ కొత్తమట్టి దగ్గరే కూలబడింది.

"ఇంక ఆపుకోలేను అత్తా. నా వల్ల అది దారిలో ఆగిపోతే ఎలా?"

తోమాసా ఆమె పక్కన మట్టిలో కూర్చుని, కోడలి తల ఒళ్లోకి లాక్కుంది.

"ఏడువు. రెక్కలు తడిస్తే తడవనీ. నడిచే వెళ్తుంది. పది రోజులైంది కదే, నడక నేర్చి."

రమోనా గొంతు విప్పి ఏడ్చింది. కాసేపటికి ఆమె మెడమీద వెచ్చగా ఏదో పడింది. మళ్లీ పడింది. తలెత్తబోతే, తోమాసా ఎత్తనివ్వలేదు.