నాలుగు గదులు, ఒక్క డాక్టరు

ఆమె నాతో అన్న మొదటి మాట, "మీ కంప్యూటరు తీసుకెళ్లి నూతిలో పడేయండి."

నేనింకా గడప కూడా దాటలేదు. ఆరోగ్య కేంద్రాలకు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాము రాసినవాణ్ణి నేనే. అది మొరాయిస్తోందని కబురొస్తే వానలో తడిసి ముద్దయి వచ్చాను. ఆమె మెడలో స్టెతస్కోపు, చెవి మీద పెన్ను, కళ్లు నా మీద. నాకూ ఒళ్లు మండింది. అయినా చూపు తిప్పుకోలేకపోయాను, అది వేరే సంగతి.

నర్సక్క నన్ను పక్కకి పిలిచి అసలు విషయం చెప్పింది. అక్కడ డాక్టర్ల గదులు నాలుగు. మూడింటికి తాళాలు. ఒకాయన పై చదువులకి వెళ్లాడు, ఒకావిడ ప్రైవేటుకి వెళ్లింది, మూడో ఆయన వారానికే ఓ దండం పెట్టి పోయాడు. రెండేళ్లుగా రోజుకి నూట అరవై మందిని ఈవిడొక్కతే చూస్తోంది. ఇక చాలని రాజీనామా రాసి పెట్టుకుంది. అది ఆ సాయంత్రమే పంపిస్తుందట.

డాక్టర్లని పంపమని పైకి పదకొండు ఉత్తరాలు రాసిందట. జవాబు మాత్రం ఒక్కటే: మీ దగ్గర నలుగురి పనీ సవ్యంగా జరుగుతోంది, కొరత లేదు.

నాకు బోధపడక కంప్యూటరు తెరిచి చూశాను. నలుగురు డాక్టర్లూ భేషుగ్గా పనిచేస్తున్నారు. తలా నలభై మంది రోగులు.

"ఈ మిగతా ముగ్గురూ ఎవరండీ?" అన్నాను.

"నేనే. నలభై దాటితే మీ దిక్కుమాలిన ప్రోగ్రాము టోకెన్ ఇవ్వదు. నలభై ఒకటో మనిషిని జ్వరంతో ఇంటికి పొమ్మనమంటారా? అందుకే వెళ్లిపోయినవాళ్ల లాగిన్లు వాడుతున్నాను."

డాక్టరు నలిగిపోకూడదని ఆ నలభై హద్దు పెట్టింది నేనే. ఆమె ఆ హద్దు దాటి చూసిన ప్రతి మనిషీ, పక్క గదిలో ఇంకో డాక్టరున్నాడని రెండేళ్లుగా సాక్ష్యం చెబుతూ వచ్చాడు. పైవాళ్లు గదులు చూడరు కదా, అంకెలే చూస్తారు.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. తప్పులో సగం నాదని కూడా ఒప్పుకున్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "అంటే, నా చేతులతో నేనే డాక్టర్లని రానివ్వకుండా చేసుకున్నానా? ఇది చూడటానికి మీకెవరికీ రెండేళ్లు తీరిక దొరకలేదా?"

ఎవరినీ అడక్కుండా నలభై హద్దు తీసేశాను, మూడు లాగిన్లూ మూసేశాను. రెండేళ్ల లెక్కంతా ఆమె ఒక్కదాని పేరు మీదకి చేర్చి, నా సంతకంతో పైకి పంపాను. మా ఆఫీసరు ఫోన్ చేసి, నీ ఇష్టారాజ్యమా అని చెడామడా తిట్టాడు. మెమో కూడా వచ్చింది. నేనూ ఊరుకోలేదు. ఒక్క పూట వచ్చి ఆ వరండాలో వరుసలో కూర్చోండి సార్ అన్నాను.

ఆమె రాజీనామా ఆపింది, కానీ ఒక్క నెల వరకే. ఆపైన ఒక్క రోజు కూడా ఉండనంది.

ఆ నెలలో నేను వారం వారం వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకదానికి పోట్లాడుకున్నాం. బాగున్న కంప్యూటరుకి ఇన్ని రిపేర్లేంటి బాబూ అని నర్సక్క ముసిముసిగా నవ్వేది.

ఇరవై తొమ్మిదో రోజున కొత్త డాక్టర్లు వచ్చారు. ఇద్దరే. ఆమె నన్ను చూడగానే, మూడోవాళ్లేరని నిలదీసింది. మళ్లీ రాస్తానన్నాను. ఆ ఊపులోనే, మీరంటే నాకు ఇష్టం, పెళ్లి చేసుకుందామా అని కూడా అనేశాను.

ఆమె చెవి మీది పెన్ను తీసి నా వైపు చూపించింది. "సరేనంటే ఇక కోపం తగ్గించుకోమంటావా?"

మీరు కాస్తా నువ్వయింది. నేనూ అదే అందుకున్నాను.

"వద్దు. నువ్వు చల్లబడితే ఆ మూడో డాక్టరు రాడు."

ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "అయితే పెళ్లి సంగతి మా అమ్మతో నేను మాట్లాడతాను. డాక్టరు సంగతి మీవాళ్లతో నువ్వు మాట్లాడు. ఎవరు ముందు ఒప్పిస్తారో చూద్దాం."

మా అత్తగారు ఆ సాయంత్రానికే ఒప్పుకున్నారు. మాకు పెళ్లయి ఏడాది దాటింది. ఆ మూడో డాక్టరు గదికి ఇంకా తాళమే ఉంది.