చెయ్యి పడిన ఫైలు

ఊపిరి యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరు పట్టపగలు ఆఫీసు మెట్ల మీది నుంచి పడి చనిపోయాడు. పడ్డాడో, తోశారో! పోయే ముందు ఫోన్లో ఒక్కటే మాట అన్నాడు: "ఎవరూ చదవని చోట పెట్టారు."

ఆ రికార్డింగు వినిపించి, గూఢచారి విభాగం పెద్దాయన గొంతు తగ్గించాడు.

"విదేశీ ముఠా పని. ఈ మధ్యాహ్నం అప్‌డేట్ వెళ్తుంది. వెళ్ళిందా, పసిపిల్లల వెంటిలేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నువ్వు ఆ ఆఫీసులో కొత్త టెస్టర్‌వి. జడపిన్నులో మైకు, చెవిలో బుల్లి స్పీకరు ఉంటాయి. 'గొడుగు తడిసింది' అంటే చాలు, కింద వ్యాన్లో ఉన్న మనవాళ్ళు వచ్చేస్తారు."

"అప్‌డేటే ఆపించేస్తే పోదా సార్?"

"ఇవాళ ఆపితే రేపు ఇంకోచోట దాస్తారమ్మా. దొంగ దొరకాలి."

ఏజెంట్ చీమ జడపిన్ను పెట్టుకుంది. ఎక్కడికైనా కనపడకుండా దూరుతుందని ఆమెకా పేరు. నెలలు నిండకుండా పుట్టిన ఆమె చెల్లెలి కొడుకు, గుప్పెడంత ప్రాణం, అలాంటి యంత్రం మీదే ఉన్నాడు. ఆ సంగతి చెబితే ఈ పని ఇంకొకరికి ఇస్తారు. వాళ్ళు సరిగ్గా చేస్తారని నమ్మకమేమిటి?

సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసులో అడుగుపెట్టింది. మేనేజరు ఎదురొచ్చింది. పట్టుచీర, పెర్‌ఫ్యూమ్, అందరి చూపులూ ఆమె మీదే.

"కొత్తమ్మాయివా? కంగారు పడకు. నిన్న ప్రాజెక్టు మొత్తానికి ఫార్మాటర్ నడిపాను. వేల ఫైళ్ళు మారినట్టు కనిపిస్తాయి. కోడులో ఖాళీలు, వరసలు సర్దడమే. ఇల్లు ఊడ్చినట్టనుకో."

"అన్నీ చదవాలా మేడమ్?"

పక్క సీటు అన్న పకపకా నవ్వాడు. "చదివితే ఇక్కడే రిటైరైపోతావు చెల్లెమ్మా. ఓకే కొట్టెయ్."

చీమకి ఇంజనీరు మాట గుర్తొచ్చింది. ఎవరూ చదవని చోటు ఇదే! కానీ వేల ఫైళ్ళలో ఎక్కడని వెతకడం?

ఫోన్ మోగింది. చెల్లెలు.

"అక్కా, బాబు మిషన్‌కి ఏదో అప్‌డేట్ వస్తుందట. మంచిదేనా?"

"మంచిదేనే. నువ్వు వాడి దగ్గరే ఉండు."

వెతుకుతుంటే ఒక ఫైలు మొదట్లో హెచ్చరిక కనిపించింది: 'ఇది యంత్రం రాసినది. చేత్తో మార్చవద్దు.'

"అన్నా, ఇలాంటివీ ఫార్మాటర్ సర్దుతుందా?"

"ఛ! తనంతట తానే కోడు రాసే ప్రోగ్రామ్ ఉందిగా, ఆ జెనరేటర్ రాసిన ఫైళ్ళ జోలికి పోవద్దని దానికి ముందే చెప్పి పెట్టాం. వాటిని మనుషులూ ముట్టుకోరు. పద, భోజనానికి."

"ఆకలి లేదన్నా."

అందరూ వెళ్ళారు. చీమ మళ్ళీ ఆ ఫైలు పేరు చూసింది. ఫార్మాటర్ ముట్టుకోదు. మనుషులు ముట్టుకోరు. మరి నిన్నటి మార్పుల్లో ఈ ఫైలు ఎందుకుంది? తెరిచి చూసింది. మధ్యలో ఒక్క లైను: మధ్యాహ్నం దాటగానే గాలి సున్నా.

ఫైలు తీసేసి, జెనరేటర్‌కి ఆజ్ఞ ఇచ్చింది. అది అసలు నమూనా చూసి మొత్తం మళ్ళీ రాయాలి. అప్‌డేట్ మూట కట్టేలోగా రాయాలి. రాస్తుందా?

వెనక పెర్‌ఫ్యూమ్ వాసన. మెడకు చల్లగా ఏదో తగిలింది.

"ఇది లిప్‌స్టిక్ కాదు. చేతులు పైకెత్తు," అంది మేనేజరు. "నేనూ మీ విభాగం మనిషినే. నీకు జీతమిచ్చే పెద్దాయనే నాకూ ఇస్తాడు. అవతలివాళ్ళు ఇంకాస్త ఎక్కువిస్తారు."

చీమ చేతులు పైకెత్తింది.

"అరుద్దామనుందా? 'గొడుగు తడిసింది' అనాలనుందా? అను, చూద్దాం!"

చీమ అనలేదు. అనాల్సిన పనీ లేకపోయింది. జడపిన్నులో మైకు ఎవరి గొంతని చూడదుగా! మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించి మేనేజరు తల తిప్పింది. చీమ ఆమె మణికట్టు విరిచి పట్టుకుంది. లిప్‌స్టిక్ తూటా పైకప్పులోకి పోయింది. వ్యాన్లోవాళ్ళు వచ్చి మేనేజరుకి బేడీలు వేశారు.

"ఆ ఫైల్లో నువ్వేం మార్చావే?" మేనేజరు పళ్ళు నూరింది.

"నేను చెయ్యి పెట్టలేదు మేడమ్. యంత్రంతోనే రాయించాను."

స్క్రీన్ మీద కొత్త ఫైలు చేరింది. వెంటనే అప్‌డేట్ వెళ్ళిపోయింది. ఊపిరి బిగబట్టి చెల్లెలికి ఫోన్ చేసింది.

"మిషన్ బానే ఉందక్కా. కానీ బాబుకి ఎక్కిళ్ళు వస్తున్నాయి."

తుపాకీకి ఎదురు నిలబడిన మనిషి కుర్చీలో కూలబడింది. "ఎక్కిళ్ళా? ఎప్పట్నుంచి? డాక్టర్ని పిలిచావా?"

"చీమా, రిపోర్టు!" చెవిలో పెద్దాయన.

"ఆగండి సార్, ఇక్కడ ఎమర్జెన్సీ!"