ఎనెలికో మోకాళ్ళు

తెల్లవారి కోకో కాచి, కాల్చిన సీమపనస ముక్కలు పళ్ళెంలో పెట్టి, లోసా మొగుణ్ణి పిలిచింది. ఎనెలికో వచ్చి ఇంటి స్తంభం పట్టుకుని ఒక కాలు మడిచాడు. రెండోది మడవబోయి ఆగి, మెట్టు మీదైతే గాలి బాగుంటుందంటూ అక్కడికెళ్ళి కూర్చున్నాడు. ఈమధ్య ఆయనకు గాలి ఎప్పుడూ మెట్టు మీదే బాగుంటోంది.

"సోమవారం కదా, సభకి పోవా?" అంది లోసా.

"చేమతోటలో కలుపు పెరిగిపోయింది."

"నువ్వు పీకీ పీకీ ఆ తోటలో కలుపే మిగల్లేదయ్యా."

ఎనెలికో వినబడనట్టు కోకో తాగాడు. సవాయి దీవిలోని ఆ ఊళ్ళో ఏ కుటుంబానికి ఆ కుటుంబ పెద్ద ఉంటాడు. ఊరి సభలో ఆ పెద్ద తన స్తంభానికి ఆనుకుని, కాళ్ళు మడిచి కూర్చోవాలి. ఎదుటివాడి వైపు అరికాళ్ళు పెట్టడమంటే తిట్టినదానికంటే ఎక్కువ. కాళ్ళు మడవలేని ముసలివాళ్ళు జాపుకుని పైన చాప కప్పుకోవచ్చు గానీ, ఆ చాప అడగడంకంటే సముద్రంలో దూకడం నయమని ఎనెలికో ఉద్దేశం. పైగా సభలో ఊరి తరఫున మాట్లాడేవాడు ఆయనే. అంత గొంతున్న మనిషి చాప అడగలేక, పెద్దరికాన్ని తమ్ముడికి ఇచ్చేద్దామని లోలోపల నిర్ణయించుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే తనకే ఏడుపొస్తుందని భయం.

ఆ సాయంత్రమే ఆయన కూతురు ఫెతువావో ఆడవాళ్ళ కమిటీ ఇంట్లో యోగా మొదలుపెట్టింది. ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు. ఒళ్ళు బిగుసుకుపోయినవాళ్ళ కోసం చేయించే నెమ్మది యోగా ఆపియా పట్నంలో నేర్చుకుని వచ్చింది.

"ఇందులో తలకిందులుగా నిలబడే పనేం లేదు పిన్నీ," అంది నేర్చుకోడానికి వచ్చిన సెలెపాతో. "నొప్పి పుట్టకముందే ఆగిపోవాలి. ఊపిరి వదులుతూ ఒంగాలి. పక్కావిడ ఎంత ఒంగిందో చూడకూడదు."

"పక్కావిణ్ణి చూడకుండా ఈ ఊళ్ళో ఎట్లా పొద్దుపోతుందే," అంది సెలెపా.

మెడలు తిప్పారు, భుజాలు ఎత్తి దించారు. పిల్లిలా వీపు పైకెత్తమంటే నవ్వలేక చచ్చారు. ఆఖర్న కాళ్ళు జాపి పడుకోమంది ఫెతువావో. గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. కాళ్ళు లోపలికి పెడితే మధ్యలో పాస్టరుగారి భార్య ఉంది. పక్కకి పెడితే పక్కావిడ మొహం. పట్నంలో నాలుగు గోడల మధ్య నేర్చుకున్న పిల్లకి ఈ చిక్కు తట్టనే లేదు.

"పోనీ అందరూ బయటికి పెట్టండి," అంది.

గోడల్లేని ఇల్లది. బయటంటే దారే. చేమదుంపల కావడి భుజాన వేసుకుని ఆ దారినే వస్తున్న ఎనెలికోకి ఊరి ఆడవాళ్ళ అరికాళ్ళు వరసగా కనబడ్డాయి. అందులో ఒక జత లోసావి.

వెనక్కి తోటకే తిరిగిపోయి, చీకటిపడ్డాక ఇంటికొచ్చి కావడి దించకుండానే అందుకున్నాడు.

"దారిన పోయే పెద్దమనుషులకి పాదాలు చూపించడమా నువ్వు నేర్పే చదువు? నా పరువేం కాను?"

"తప్పు నాదే నాన్నా, నాకు తోచలేదు," అంది ఫెతువావో.

"రేపట్నుంచి మానెయ్."

"మానదు," అంది లోసా. చేతిలో గరిటె అలాగే ఉంది. "నిన్న మెట్టు దిగితే నా నడుం కలుక్కుమంది. ఇవాళ అనలేదు. పరువంటావా? మోకాళ్ళు మడవలేక సభకి ఎగ్గొట్టి తోటలో దాక్కుంటున్నావని ఊరందరికీ తెలుసు. నీకొక్కడికే తెలీదు."

ఎనెలికో కావడి దించాడు.

"తమ్ముడికి ఇచ్చేస్తాలే," అన్నాడు చివరికి. "ఆ పెద్దరికం వాడికిచ్చేస్తా."

లోసా గరిటె కిందపెట్టింది. ఆ మాట ఇన్నాళ్ళూ ఒక్కడే మోశాడని తెలిసి, ఆమెకు కోపం పోయింది. ఫెతువావో తండ్రి పక్కన కూర్చుంది. "నీ మోకాళ్ళు కుర్రాడి మోకాళ్ళలా చేస్తానని నేననను నాన్నా. నొప్పి కొంచెం తగ్గొచ్చు. ఒక్కసారి రా."

గురువారం ఫెతువావో ఇంటింటికీ తిరిగి చాపలు పోగుచేసింది. పడుకున్న ప్రతి మనిషికీ నడుం నుంచి పాదాల దాకా చాప కప్పింది. పాస్టరుగారి భార్యే ముందు హాయిగా కాళ్ళు జాపింది. లోసాని ఇంటికి తీసుకెళ్ళాలనే వంకతో వచ్చిన ఎనెలికో ఓ మూల కూలబడ్డాడు. కూతురు ఏమీ అడక్కుండా ఆయన కాళ్ళు జాపించి చాప కప్పింది. ఊపిరి వదలమంటే వదిలాడు. భుజాలు దించమంటే దించాడు. ఇక పడుకోమనగానే ఎంత బాగా పడుకున్నాడంటే, ఆ గురకకి మిగతావాళ్ళెవరికీ ప్రశాంతత దొరకలేదు.

సోమవారం ఆయన సభకి వెళ్ళాడు. మోకాళ్ళు అప్పటికీ మడతపడలేదు. స్తంభానికి ఆనుకుని, అందరూ చూస్తుండగా, ఊరి తరఫున మాట్లాడే ఆ గొంతుతోనే అన్నాడు.

"నాకొక చాప కావాలి."

ఎనెలికో చెవులు వేడెక్కాయి. అప్పుడు అందరికంటే పెద్దాయన సియావోసి గొంతు సవరించుకున్నాడు.

"నాకూ ఒకటి తెప్పించు. నువ్వడుగుతావని ఎన్నాళ్ళుగా చూస్తున్నానయ్యా. నువ్వేమో రావడమే మానేశావు."

ఆ వెనకే ఇంకో గొంతు, ఇంకోటి. ఇన్నాళ్ళూ తలో స్తంభానికి ఆనుకుని, పంటిబిగువున ఒకే నొప్పి భరించామని ఆ పెద్దమనుషులకి అప్పుడు తెలిసింది.

ఎనెలికో ఇంటికొచ్చేసరికి లోసా గుమ్మంలోనే ఉంది. ఆయన లుంగీ కొసతో కళ్ళు తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు.

"తల్లీ, సభ అయ్యాక మగాళ్ళకి కూడా నీ యోగా పెట్టాలి. వాళ్ళకి నోరు రాదు, ఎవరూ అడగరు. అందుకని అందరి తరఫునా నేనే అడుగుతున్నా."