ఎటు తిప్పాలి సార్?

కృష్ణపట్నం దగ్గర ఆ కెమికల్ ట్యాంకుల యార్డులో వాల్వుల మీద కూర్చునే పెట్టెల్ని యాక్చుయేటర్లు అంటారు. వాల్వును తెరిచేదీ మూసేదీ అవే. ప్రమాదం ఉన్నచోట స్ప్రింగు ఉన్న రకం పెట్టాలి. కరెంటు పోతే అది తనంతట తానే వాల్వును మూసేస్తుంది. స్ప్రింగు లేనిదానికి ఒక ఇనప చక్రం ఉంటుంది, మనిషి పోయి తిప్పాలి.

ఇంజనీరు కిషోర్ బాబు ఆ రెండో రకమే ఎంచాడు. మొదటిది రావడానికి నాలుగు నెలలు పడుతుందట, ఆయనకేమో ప్రారంభోత్సవం తొందర. పోయిన ఏడాది తుఫానులో కరెంటు పోయి, మూడో ట్యాంకు పైపు చీలి విషపు ఆవిరి కమ్మింది. ఫిట్టర్ హెబ్రోను ఆ ఆవిరిలోకే వెళ్లి చక్రం తిప్పాడు, సగంలో పడి చచ్చిపోయాడు. విచారణ కాగితంలో కిషోర్ బాబు ‘తప్పు వైపు తిప్పాడు’ అని రాశాడు. కింద సాక్షిగా కంట్రోల్ రూము ఆపరేటరు చెంచయ్య సంతకం పెట్టాడు. ఉద్యోగం పోతుందని భయం. ఇప్పటికీ హెబ్రోను భార్య ఎలిశబెతు ఎదురైతే దారి మార్చుకుంటాడు, అంత సిగ్గు.

ఆ తరువాత పెట్టెలన్నీ మార్చారు. అన్నీ స్ప్రింగువే. చక్రాలు పాత ఇనుములోకి పోయాయి.

ఈ ఏడాది మళ్లీ వాయుగుండం. సాయంత్రం నాలుగింటికే ముత్తుకూరు వైపు ఆకాశం నల్లబడింది. గాలిలో ఉప్పు, తడి బొగ్గు వాసన. కరెంటు పోయింది. బ్యాటరీ మీద వెలిగే బోర్డులో వాల్వులన్నీ వరసగా మూసుకున్నాయి, మూడోది తప్ప.

“స్ప్రింగు ఇరుక్కోనుంటది. చూసొస్తా,” అని కిషోర్ బాబు వాకీటాకీ తీసుకుని వానలోకి పోయాడు.

కాసేపటికి చెంచయ్య చేతిలోని వాకీటాకీ గరగరలాడింది.

“చెంచయ్యా... దీనికి చక్రం ఎవరు బిగించినారు?”

“ఈ పెట్టెలకి చక్రం ఉండదు గదా సార్.”

“ఉండాది. తుప్పు పట్టిన పాతది. ఇప్పుడే ఎవరో పట్టుకొని వదిలినట్టు వెచ్చగా ఉండాది...”

కిర్... కిర్... ఇనుము తిరిగే చప్పుడు.

“నేను తిప్పలా,” కిషోర్ బాబు గొంతు గుసగుసలోకి దిగింది. “అదే తిరగతా ఉండాది.”

తరువాత ఇంకో గొంతు. నిదానంగా, దగ్గుతూ. చెంచయ్య పదకొండేళ్లు పక్కనే విన్న గొంతు అది.

“ఎటు తిప్పాలి సార్?”

వాన చప్పుడు...

“తప్పు వైపు తిప్పినానని మీరే గదా రాసినారు. సరైన వైపేదో చూపించండి.”

“హెబ్రోనూ... అబద్ధం రాసినా. నన్నొదిలెయ్...”

“చూపించండి సార్.”

కిర్. కిర్. బోర్డు మీద గ్యాసు లీకైతే వెలిగే దీపం ఎర్రబడింది. దగ్గు... ఇద్దరిది. తరువాత ఒక్కరిదే. ఆ తరువాత అదీ లేదు. మూడో వాల్వు దానంతట అదే మూసుకుంది.

చెంచయ్య సైరన్ నొక్కాడు. గ్యాసు ముసుగులు వేసుకుని పోయినవాళ్లు వాకీటాకీలో చెప్పారు. సార్ ప్రాణం పోయింది. పెట్టె నున్నగా ఉంది, చక్రం లేదు. సార్ రెండు అరచేతులకీ మాత్రం ఎర్రటి తుప్పు.

వాళ్ల మాట ఆగింది. వాకీటాకీ మళ్లీ గరగరలాడింది.

“అన్నా... ఆ కాగితం కింద సంతకం నీదే గదా. నువ్వెటంటావు?”

చెంచయ్య తలుపు వైపు చూశాడు. దానికి లోపలి గడియ తప్ప ఇంకేమీ లేదు. అయినా బయటి నుంచి, నెమ్మదిగా, ఏదో తిరుగుతోంది.

కిర్... కిర్...