రెండో రౌండుకే ఆగే బండి

కోటిరత్నం నడిపితే ఆగుతుంది. పోలయ్య నడిపితే ఆగదు. కొద్ది రోజులుగా ఆ గో-కార్ట్ వరస ఇదే.

ఆ సాయంత్రం కూడా అంతే అయింది. మార్కాపురంలో కాలేజీ వెనక, పలకల రాతి ముక్కలు గుట్టలుగా పోసిన ఖాళీ జాగాలో, మొదటి రౌండు రయ్యిమని పోయిన బండి రెండో రౌండు సగంలో దగ్గి, గుర్రుమని, చచ్చి ఊరుకుంది. రత్నం హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, తన వైపు పరుగెత్తుకొస్తున్న పోలయ్యను చూసింది. బండి ఆగినప్పుడల్లా అందరికంటే ముందు వచ్చేది అతనే. ఆ పరుగు మీదే ఆమెకు అనుమానం.

"దెబ్బేం తగల్లేదు గదా?"

"ఆగిన బండిలో కూర్చుంటే దెబ్బెట్ల తగుల్తాది? ఏం చేసినావు దీన్ని?"

"నేనేం చేసినా?"

"నేనడిగేదీ అదే."

పోలయ్య నేల చూపులు చూశాడు. "ముందు దిగు. షెడ్డుకు తోసుకుపోతా."

"నేనూ వస్తా."

"వద్దులే. ముఖమంతా దుమ్ము. పోయి కడుక్కో."

ఇదీ రోజూ జరిగేదే. షెడ్డు తలుపు ఓరగా వేసుకుని, లోపల ఏదో తుడుస్తాడు, గాలి పైపు పెట్టి బుస్సుమని కొడతాడు. తర్వాత తనే నడుపుకుంటూ బయటికొస్తే బండి ఎన్ని రౌండ్లయినా నోరెత్తకుండా తిరుగుతుంది. పాత బైకు ఇంజన్‌కు సిలిండర్ బోరు పెంచి, పెద్ద కార్బ్యురేటర్ తగిలించి తయారు చేసిన బండి అది. ఆ ఇంజన్ని పాత ఇనుము దుకాణంలో వెతికి పట్టుకొచ్చింది రత్నమే. తెచ్చిన తన మాట వినదు, ఇతని మాట వింటుంది!

టీమును చూసుకునే రామసుబ్బయ్య సార్ గడ్డం గోక్కున్నాడు. "ఏమ్మా రత్నం, తప్పు బండిదా, నీ కాలిదా?"

"ప్లగ్ మార్చినాం, కార్బ్యురేటర్ కడిగినాం సార్. మరి పోలయ్యకు మాత్రం ఎందుకు ఆగదో..."

"అదే నేనూ చెప్పేది. పోలయ్యకు ఆగట్లేదు గదా! ఆదివారం కర్నూల్లో పోటీ. రేప్పొద్దున నేనొచ్చి చూస్తా. పది రౌండ్లు ఆగకుండా తిప్పు. ఆగిందనుకో, సీట్లో పోలయ్యే కూర్చుంటాడు. తర్వాత నన్ను అనొద్దు."

 పోయిన నెల ఇదే జాగాలో బండి బోల్తా కొట్టి రత్నం మోచెయ్యి దోక్కుపోతే, స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చునే వాళ్ల నాయన నాగభూషణం ఇంక బండి ముట్టుకోవద్దన్నాడు. ఆయన్ను బతిమాలి, అలిగి, అన్నం మానేసి, ఎట్లాగో ఒప్పించుకుంది. ఇప్పుడు సీటు పోతే, అమ్మాయికి చేతకాలేదని కాలేజీ అంతా అంటుంది. అంతకంటే ముందు, తనే అనుకుంటుంది.

ముఖం కడుక్కుందామని కుళాయి దగ్గరికి పోతే, గోడకు అటుపక్క పోలయ్య ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఆ, పెడతానే ఉండా... రత్నం ఎక్కేటప్పుడు మాత్రమే. నేను నడిపేటప్పుడు తీసేస్తా... తనకు తెలీదులే. పోటీ అయ్యేదాకా ఇట్లనే."

రత్నం చేతిలో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. అనుమానం నిజమైతే సంతోషించాలి కదా, ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ అతను నవ్వితే తను ఎందుకు నవ్వినట్టు? బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉంటే ఎందుకు చూసుకున్నట్టు? తన మీద తనకే మండిపోయింది.

ఇంటికి పోయే దారిలో దయామణితో చెప్పింది. దయామణి వాళ్ల గో-కార్ట్ టీమే, రత్నానికి ప్రాణ స్నేహితురాలు కూడా.

"పోలయ్యనా? చీమ అడ్డమొస్తే పక్కకు తప్పుకునే మనిషి గదే!"

"ముఖం చూస్తే అట్లనే ఉంటాడు."

"ఆ ముఖం నువ్వు బాగానే చూస్తున్నట్టున్నావే."

"దయా, నన్ను కదిలించొద్దు. రేపు సార్ రాకముందే పోయి పట్టుకుంటా."

తెల్లారి, ఇంకా పొద్దు పొడవకముందే రత్నం షెడ్డు కిటికీ పక్కన నక్కింది. ఆకాశం మబ్బుపట్టి ఉంది. పోలయ్య అప్పటికే లోపల ఉన్నాడు. చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. మసక వెలుతురులో రంగు తెలియని పొడి అరచేతిలో కొంచెం ఒంపుకుని, రెండు నీటిచుక్కలు కలిపి, సీటు వెనక ట్యాంకు మీదికి వంగాడు. అతని వీపు అడ్డమొచ్చి ఇంకేమీ కనపడలేదు.

చక్కెర! ఇంజన్ ఆగేట్టు పెట్రోల్లో చక్కెర కలుపుతున్నాడు!

అరవబోయి ఆగింది. మనిషిని పట్టుకుంటే చాలదు, చేసిన పని కూడా తేలాలి. ఏమీ ఎరగనట్టు నవ్వుముఖం పెట్టుకుని లోపలికి నడిచింది.

"ఇంత పొద్దున్నే వచ్చినావే?" ఉలిక్కిపడి పొట్లం జేబులో దోపుకున్నాడు పోలయ్య.

"నువ్వూ వచ్చినావు గదా."

"నిద్ర పట్టలా."

"ఎట్ల పడ్తాది పాపం!"

సీట్లో కూర్చుని ఒక్క తొక్కు తొక్కింది. మొదటి రౌండు బాణంలా పోయింది. రెండో రౌండు సగంలో ఇంజన్ దగ్గింది, గుర్రుమంది, ఆగింది. అలవాటు ప్రకారం పోలయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఆడనే ఆగు! బండి మీద చెయ్యి పడ్డదంటే ఊరుకోను."

"ఏందిది రత్నం?"

"చేతులు కట్టుకుని నిలబడు. ఈ రోజు షెడ్డుకు తోసేది లేదు. ఏ రోగమో ఈడనే తేలాలి."

స్పానర్ తీసుకుని ప్లగ్ ఊడదీసింది. పొడిగా ఉంది. ఇంజన్ మీద ఆనించి పట్టుకుని, "కిక్ కొట్టు. అంతే. ఇంకేం ముట్టుకోవద్దు," అంది. అతను బుద్ధిగా కొట్టాడు. ప్లగ్ కొసన నీలంగా నిప్పురవ్వ మెరిసింది. కరెంటు వస్తోంది. ప్లగ్ తడవలేదంటే పెట్రోలే అందడం లేదన్నమాట.

కార్బ్యురేటర్ దగ్గర పైపు లాగింది. నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది. ట్యాంకు చూస్తే సగానికి పైగా నిండి ఉంది. ఉన్న పెట్రోలు కిందికెందుకు దిగదు?

రత్నం ట్యాంకు మూత మీద చెయ్యేసి తిప్పింది. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. మరుక్షణం పైపులోంచి పెట్రోలు బొళబొళా ఆమె చెప్పుల మీద పోసింది.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి పోవాలి. మూతకు సన్న బెజ్జం ఉండేది అందుకే. అది మూసుకుపోతే పెట్రోలు ట్యాంకులోనే బిగిసిపోతుంది. మూత తిప్పి చూసింది. బెజ్జం నిండా పచ్చగా, ముద్దగా ఏదో ఉంది. గోటితో గీరి వాసన చూసింది.

"పోలయ్యా," అంది మెల్లగా. "పెట్రోలు ట్యాంకుకు పసుపేంది?"

పోలయ్య మూత వైపు చూశాడు. బెజ్జం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మో... నేనేనా దీన్ని ఆపుతుండేది?"

"నాటకాలొద్దు. ఫోన్లో అన్నీ విన్నా. నేను ఎక్కేటప్పుడు మాత్రమే పెడుతున్నా అన్నావా లేదా?"

"అన్నా. మా అమ్మతో." అతను తల వంచుకున్నాడు. "పోయిన నెల నువ్వు బోల్తా పడినావు గదా. ఆ రోజు మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చినా. మా ఇంట్లో గొర్రెల మందను నల్లమల అడవికి తోలేటప్పుడు ముందు నడిచే పొట్టేలుకు నొసట పసుపు పెట్టి తోల్తాం. అది క్షేమంగా తిరిగొస్తే మందంతా వచ్చినట్టే. అమ్మ బేస్తవారిపేట బస్సులో పొట్లం పంపించింది. ఆ పిల్ల ఎక్కినప్పుడల్లా పెట్టు నాయనా అనింది."

"అంటే నేను పొట్టేలునా?"

"నువ్వు కాదు! బండి!"

"మూత మీదే పెట్టాల్నా?"

"ముందర పెడితే నువ్వు చూస్తావు, నవ్వుతావు. సీటు వెనకైతే కనపడదు. నువ్వు దిగినాక ఎవరూ చూడకుండా తుడిచి, గాలి కొట్టేస్తుంటి."

అందుకే అతను నడిపితే ఆగలేదు. రత్నానికి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. "మూతకు బెజ్జం ఉంటాదని తెలీదా మెకానికల్ ఇంజనీరుకు?"

"తెలుసు. నువ్వు బండెక్కుతుంటే అవేవీ గుర్తుకు రావు."

 మబ్బులోంచి నాలుగు చినుకులు రాలి రత్నం చేతిలోని మూత మీద పడ్డాయి. రాత్రంతా తిట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఇంకా చేతులు కట్టుకునే. ఇతణ్ణా తను దొంగ అనుకున్నది! చున్నీకి ఉన్న పిన్నీసు తీసి, బెజ్జంలో పసుపంతా ఊడేదాకా పొడిచింది.

సార్ వచ్చేసరికి చినుకులు ఆగాయి. దయామణి జెండా ఊపింది. రత్నం రెండో రౌండు దాటింది, మూడోది దాటింది, ఇంజన్ ఒక్కసారైనా దగ్గలేదు. పదో రౌండు ముగించి దుమ్ము లేపుతూ బ్రేకు వేస్తే సార్ ముఖం వికసించింది.

"ఇంతకీ ఏం రోగమమ్మా?"

"ట్యాంకు మూత బెజ్జం మూసుకుపోయింది సార్."

"దేంతో?"

పోలయ్య ఒప్పుకుందామని నోరు తెరిచాడు. రత్నం అతని కళ్లలోకి చూస్తూ సార్‌కు జవాబిచ్చింది. "దుమ్ము సార్. ఈ పలకల దుమ్ము ఉంది చూడండి, అంతా ఇంతా కాదు."

"బాగా పట్టినావు. ఆదివారం సీటు నీదే, పో."

సార్ వెళ్లాడు. దయామణి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనకేదో పనుందని తనూ వెళ్లింది. పోలయ్య జేబులోంచి పొట్లం తీశాడు.

"ఇంక పెట్టనులే. తప్పయింది."

"ఎవరు వద్దన్నారు? పెట్టు. మూత మీద మాత్రం వద్దు."

"మరి? స్టీరింగ్ మీదనా?"

రత్నం హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, తన నొసలు చూపించింది.

పోలయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అది... అట్ల ఊరికే పెట్టేది కాదు రత్నం."

"తెలుసు. అందుకే పోటీ అయినాక మీ అమ్మను తీసుకుని మా దుకాణానికి రా. మా నాయన్ను అడిగి పెట్టు."

"ఆయన ఒప్పుకోకపోతే?"

"బండి నడపనిచ్చేదానికే మొండికేసిన మనిషి. దీనికి ఇంకా ఎక్కువే బతిమాలాలి," అని రత్నం అతని చేతిలోని పొట్లం విప్పుకోకుండా గట్టిగా మడిచి, తనే అతని జేబులో పెట్టింది. "ఈసారి ఇద్దరం బతిమాల్దాం."