షాపులో వాన, ఇంట్లో ముసురు

సూరత్‌లోని ఉధ్నాలో తెల్లవారితే కోళ్లు కూయవు, సాంచెలు కూస్తాయి. తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లు మరమగ్గాన్ని పిలిచే పేరది. ముప్ఫై రెండేళ్లు ఆ మగ్గాల మధ్యే మగ్గిన లక్ష్మీరాజం, పని మానేసి రెండేళ్లయినా ఆ చప్పుడుకే లేచి కూర్చుంటాడు. ఆ పొద్దు మాత్రం ఆయనకన్నా ముందు కూతురు సంధ్య లేచింది. అసలు పడుకుంటే కదా లేవడానికి.

సంధ్య దుకాణాలకు లోపలి అలంకరణ చేస్తుంది. వరాఛాలో భావిన్‌భాయి తెరుస్తున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల షోరూము ఆమె సొంతంగా చేపట్టిన మొదటి పని. సెల్లులమ్మే చోట చెట్లు చెల్లుతాయా అని ఆయన మొదట్లో నసిగాడు. వరాఛా అంటే వజ్రాలు సానబట్టే పేట, పగలంతా దీపం కింద కళ్లు చికిలించే జనం. వాళ్లను ఆకట్టుకోవాలంటే ఆకులే దిక్కని సంధ్య వాదించి ఒప్పించింది. ఒక గోడ నిండా నాచు పరిపించింది. వెదురు బల్లలు చేయించింది. కొమ్మ కింద కొనమ్మా అన్నట్టు ప్రతి బల్ల పక్కన ఒక మొక్క నిలిపింది. వీటన్నిటికీ పైన, అక్షరాలా పైనే, వాన. పైకప్పు నుంచి వేలాడే తెల్లని, నీలి దారాలు. ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఆగి, కొసలు విచ్చుకుని, కురుస్తూ కురుస్తూ గాలిలో నిలిచిపోయిన వానలా ఉంటాయి.

పదకొండింటికి ప్రారంభం. ఏడున్నరకి ఫోనొచ్చింది, తుడిచేవాళ్లు రావడం లేదని. సంధ్య తల పట్టుకుంటే తల్లి కొమురవ్వ రొట్టె కాలుస్తూనే ఉపాయం చెప్పింది.

"బాపును తీస్కపోరాదు. నీకు చెయ్యి ఆసరైతది. ఆయన సుత నీ షాపు సూసినట్టుంటది."

లక్ష్మీరాజం అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆయన్ను షాపుకు తీసుకెళ్లకుండా నెల రోజులుగా రేపు మాపు అంటూ తప్పించుకున్న సంధ్యకు ఇక దారి దొరకలేదు.

ఆటో వరాఛా మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. మొదటి రోజునే ఇంట్లోవాళ్లేం చేస్తారని భావిన్‌భాయి అడిగితే, బట్టల వ్యాపారమని చెప్పింది. సూరత్‌లో ఆ మాట అంటే మార్కెట్లో గద్దె మీద కూర్చునే సేఠ్ అని అర్థం.

"గందుకే బాపూ... అక్కడ నన్ను మేడమ్ అను. ఈ ఒక్క రోజు."

లక్ష్మీరాజం కాసేపు రోడ్డు వైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"గంతేనా? సాంచెల మేస్త్రిని ముప్పై ఏండ్లు సాబ్ అన్న. నా బిడ్డను అంటే నా నోరు అరుగుతదా?"

ఆ నవ్వుకు నవ్వు కలపడం సంధ్య వల్ల కాలేదు. షాపులో ఆయన చేతికి తడిగుడ్డ ఇచ్చి, మొక్కల ఆకులు తుడవమని చెప్పి, పూల కోసం వెళ్లింది. గంటన్నర తర్వాత బంతిపూల బుట్టతో వచ్చి చూస్తే షాపులో వాన వెలిసిపోయింది.

లక్ష్మీరాజం స్టూలెక్కి ఉన్నాడు. వేళ్లు మెరుపుల్లా కదులుతున్నాయి. వేలాడే ప్రతి దారాన్నీ పక్క దారంతో కలిపి ముడి వేసేస్తున్నాడు. సగం కప్పు కింద చినుకుల బదులు ఉయ్యాలలు ఊగుతున్నాయి. మగ్గం మీద పోగు తెగితే పని ఆపి ముడి వేయాలి, లేకపోతే బట్టలో గీత పడుతుంది. అన్నేళ్లూ ఆయన చేతులు నేర్చింది అదే.

"ఎవరో అన్ని పోగులు తెంపి పోయిన్రు బిడ్డా" అన్నాడు, మంచి పని చేసిన మొహంతో. "తెగిన పోగు కండ్ల పడితే చెయ్యి ఊకోదు. ఇంక జరంతే ఉన్నది."

సంధ్య గొంతు ఆమె చెప్పుచేతల్లో లేకుండా పోయింది. ఎవరు ముట్టుకోమన్నారు, బుర్ర ఉందా, నా నెల రోజుల పని అంటూ అరిచింది. ఆ అరుపుకే భావిన్‌భాయి లోపలికొచ్చాడు. వెనక ఆయన భార్య, హారతి పళ్లెం. పైకి చూశాడు, స్టూలు మీదికి చూశాడు, ఎవరీ మనిషి అని అడిగాడు.

"మజూర్ హై" అంది సంధ్య. కూలివాడు. "కొత్తవాడు, ఏమీ తెలియదు."

లక్ష్మీరాజం మెల్లగా స్టూలు దిగాడు. "మాఫ్ కరో, మేడమ్" అన్నాడు.

నేతవాడి ముడి విప్పితే రాదు, కోయాల్సిందే. కత్తెర ఆయనే అడిగి తీసుకున్నాడు. జీవితమంతా అతికిన చేత్తో ఒక్కొక్క ముడినీ కోసుకుంటూ పోయాడు. వాన మళ్లీ మొదలైంది, దారాలు జానెడు పొట్టివై. ఆ జానెడు తేడా ఎవరికీ కనబడలేదు. పనివాళ్లకు నాస్తా వెనక మెట్ల మీద పెట్టారు. లక్ష్మీరాజం అక్కడ కూర్చున్నాడు.

ముందు హాల్లో సంధ్య చేతికి పూలగుచ్ఛం, నోటి ముందు మైకు వచ్చాయి. ఈ వాన ఆలోచన ఎక్కడిదని అడిగారు. డాంగ్ అడవుల్లో తడిసినప్పుడు తట్టిందని చెప్పింది. ఆమె డాంగ్ అడవి మొహం చూడలేదు. చిన్నప్పుడు తల్లితో టిఫిన్ పట్టుకెళ్లి, కార్ఖానాలో సాంచె పక్కన గోనె మీద పడుకుని, బారుగా సాగే పోగుల కేసి చూసి వాన అనుకున్న పిల్ల ఆమె. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఒక్కోటి చెంప మీద పడ్డట్టే ఉంది. వెనక్కి పరుగెత్తి చూస్తే మెట్లు ఖాళీ. కడిగి బోర్లించిన పళ్లెం ఒకటి మాత్రం ఉంది.

నాలుగింటికి ఇల్లు చేరేసరికి కొమురవ్వ మొహం వెలిగిపోతోంది.

"నీ బాపును ముందల కుర్చేసి కూసోవెట్టిన్రట గదా. సంధ్య తండ్రని సేఠ్ దండ సుత ఏసిండట."

లక్ష్మీరాజం మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేది సంధ్య. తనను కాపాడటానికి ఆయన అల్లుకొచ్చిన ఆ అబద్ధాన్ని తట్టుకోలేకపోయింది. గడపలోనే కూలబడింది.

"దండ లేదు, కుర్చీ లేదమ్మా. మెట్ల మీద కూసోవెట్టిన్రు. కూలోడని నేనే చెప్పిన."

కొమురవ్వ చేతిలోని గంటె కింద పెట్టింది.

"కూలోడన్నందుకు బాధ లేదు, ఆయన కూలోడే" అంది. "నీ తండ్రి కాదన్నవ్ సూడు, గది ఎట్ల దిగమింగాలె?"

"దాన్నేమనకు" అన్నాడు లక్ష్మీరాజం, ఇటు తిరక్కుండానే. "నేర్పింది నేను. అది ఐదో తరగతిల ఉన్నప్పుడు బడికి తల్లిదండ్రులను రమ్మన్నరు. నా నెత్తి మీది దారపు బూరు చూసి నవ్వుతరని, గల్లీల రైల్వే కొలువు చేసే ఉమాకాంత్ సారును నా బదులు పంపిన. ఒక్కసారి కాదు, ఏటేటా. తండ్రిని దాచిపెట్టాలని దానికి గప్పుడే తెలిసింది."

బాపుకు తీరిక లేదనుకుంది సంధ్య ఇన్నాళ్లూ. ఆయన కూడా సిగ్గుపడ్డాడని, అది తన కోసమేనని ఈ రోజే తెలిసింది. పాక్కుంటూ వెళ్లి ఆయన మోకాళ్లలో తల పెట్టుకుంది. లక్ష్మీరాజం చెయ్యి వేయడానికి కొంచెం సేపు పట్టింది. వేశాక మాత్రం తీయలేదు.

మర్నాడు ముగ్గురూ ముందు తలుపులోంచే షాపులోకి నడిచారు. సంధ్య భావిన్‌భాయి ఎదుట నిలబడి, ఈయన మా నాన్న, నిన్న నేను చెప్పింది అబద్ధం, డాంగ్ అడవి కూడా అబద్ధమే అని గుజరాతీలో చెప్పింది. ఆయన తన కుర్చీ లాగి ముందుకు జరిపి, కాకా ఏం పని చేసేవారని అడిగాడు.

లక్ష్మీరాజం కూతురి వైపు చూశాడు, చెప్పొచ్చా అన్నట్టు.

"చెప్పు బాపూ."

"ఉధ్నాల సాంచె నడిపిన. ముప్పై రెండేండ్లు" అన్నాడు, తెలుగులోనే.

భావిన్‌భాయి అర్థంకాక సంధ్య వైపు తిరిగాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ఒక్క ముక్క కూడా వదలకుండా ఆ మాటను గుజరాతీలో చెప్పింది.