కింది చెరువు

పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. దేవకుమారి పొయ్యి మీద ఇడ్లీలు పెట్టి వసారాలోకి తొంగిచూసింది. కూతురు కెజియా గోడకేసి తిరిగి ఉపన్యాసం వల్లిస్తోంది. ఆ రోజు ఏలూరు కాలేజీలో వక్తృత్వ పోటీ. ఒక దేశపు విదేశాంగ విధానం ఏ విలువల మీద నిలబడాలన్నది విషయం.

పెరట్లోంచి రోడ్డు దాకా రెండిళ్ళ మధ్య పాత చేపల వల కట్టి ఉంది. అవతలి ఇల్లు పెదనాన్న ఏసోబుది. పోయిన వానాకాలం దాకా అక్కడ ఏ అడ్డూ లేదు. పిల్లలు లేని పెర్సిస్ పెద్దమ్మే రోజూ కెజియాకి జడ వేసేది. చేపల చెరువు నీళ్ళ విషయంలో అన్నదమ్ములకి మాటామాటా పెరిగాక తండ్రి ఎలీయాజరు ఆ వల కట్టాడు. ఇప్పుడు చర్చిలో కూడా చెరో పక్కన కూర్చుంటున్నారు. కెజియా తన జడ తనే వేసుకుంటుంది. వెనక పాపిడి వంకరపోతుంది. పెద్దమ్మ అంట్లు తోముతూ ఒక్కోసారి తలెత్తి చూస్తుంది. మళ్ళీ గిన్నెల మీదికి వంగుతుంది.

"నది గేట్లు ఎత్తేముందు పై దేశం కింది దేశానికి కబురు చెయ్యాలి. మిత్రులా శత్రువులా అని చూసి కాదు. అక్కడా మనుషులున్నారు కాబట్టి," అని వల్లించింది కెజియా.

"అద్దీ!" అన్నాడు ఎలీయాజరు తువ్వాలు భుజాన వేసుకుంటూ. "ఆ ముక్క గట్టిగా చెప్పమ్మా, చప్పట్లు పడతాయి. కానీ బలం గురించి కూడా ఓ మాట కలుపు. మెత్తగా ఉంటే ఎవడూ లెక్కచెయ్యడు."

"పక్కింటితో మాట్లాడ్డం చేతకాదు గానీ మీ నాన్న దేశాలకి సలహాలిస్తున్నారే," అంది దేవకుమారి వంటింట్లోంచి.

"నువ్వు చట్నీ సంగతి చూడు."

అంతలో ఫోను మోగింది. చెరువు కాపలా మనిషి.

"ఏంటీ, చేపకి పేను పట్టిందా? గట్టుకొచ్చి ఒళ్ళు రాసుకుంటున్నాయా? సరే, తూము ఎత్తెయ్. సగం నీళ్ళు తీసేసి మందు కొడదాం."

కెజియా గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. వాళ్ళ చెరువు నీళ్ళు కాలువలో పడి కిందికి పోతాయి. కిందున్నది పెదనాన్న చెరువు. చేపకి రోగమొస్తే, నీళ్ళు వదిలేముందు కింది చెరువు వాళ్ళకి చెప్పడం ఆ ఊళ్ళో అందరూ పాటించే పద్ధతి. వాళ్ళు కాలువ నీళ్ళు తోడే ఇంజను ఆపుకుంటారు.

"పెదనాన్నకి చెప్పారా నాన్నా?"

"చెప్పను."

"నిన్ననే చెరువులో కొత్త చేపపిల్లని వదిలారు వాళ్ళు. కాలువ నీళ్ళు తోడుతూనే ఉన్నారు. ఈ పేను పడితే ఒక్కటీ బతకదు."

"పోయిన వానాకాలం ఆయన చెప్పాడా నాకు? కొల్లేరు నిండి కాలువ వెనక్కి తన్నింది. ఆయన వదిలిన రోగం నీళ్ళు నా చెరువులోకొచ్చాయి. అప్పుడేమైంది పద్ధతి?"

"వాళ్ళు చెయ్యలేదని మనమూ మానేస్తే అది విలువ ఎలా అవుతుంది నాన్నా? బేరం అవుతుంది."

"పుస్తకాల మాటలు ఇంట్లో చెప్పకు!"

"అయితే పోటీలోనూ చెప్పను." కెజియా బ్యాగు తీసి అరుగు మీద పెట్టేసింది. "చప్పట్ల కోసం ఆ ముక్క చదవలేను."

దేవకుమారి పొయ్యి ఆపి గుమ్మంలోకి వచ్చింది. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ఉన్నది ముగ్గురం. తలో గదిలో కూర్చుని తింటున్నాం. ఆ వల కట్టినప్పట్నించీ ఇది ఇల్లులా లేదండీ."

ఎలీయాజరు వల వైపు చూశాడు. తర్వాత ఫోను తీశాడు. "తూము ముట్టుకోకు. నేను చెప్పేదాకా ఆగు."

చెప్పులు కూడా వేసుకోకుండా వల దగ్గరికి నడిచాడు. అవతల ఏసోబు అరుగు మీద ఒక్కడూ కూర్చుని టీ తాగుతున్నాడు. ఎలీయాజరు వల ముడి ఒకటి సవరించాడు.

"ఏవండీ," అన్నాడు చివరికి.

బస్సులో ముక్కూమొహం తెలియని మనిషిని పిలిచినట్టుంది ఆ పిలుపు.

ఏసోబు మెల్లగా తల తిప్పాడు. "నన్నేనా? నీకు అండీని ఎప్పుడయ్యానురా?"

"మా చెరువులో పేను పడింది. నీళ్ళు వదలాలి. ఇంజను ఆపించండి."

ఏసోబు వెంటనే ఫోను చేసి ఇంజను ఆపించాడు. తర్వాత లేచి వల దాకా వచ్చాడు. తమ్ముడి మొహంలోకి చూడలేదు.

"పోయిన వానాకాలం నేనూ నీళ్ళు వదిలేముందు చెబ్దామనే వచ్చాన్రా. మీ గుమ్మం దాకా వచ్చాను. లోపల అందరూ అన్నాల దగ్గర కూర్చుని నవ్వుకుంటున్నారు. నా చెరువులో చేపంతా పోయిందని ఆ నవ్వుల మధ్యలో చెప్పుకోడానికి నామోషీ అనిపించింది. మెట్టెక్కకుండానే వెళ్ళిపోయాను."

"ఒక్కసారి పిలిస్తే పోయేదిగా అన్నయ్యా!"

ఆ మాట తనంతట తనే వచ్చేసింది. ఎలీయాజరు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టకపోయినా.

"పద, మందు నేనూ కలుపుతాను," అన్నాడు ఏసోబు.

వల విప్పుదామని ఎవరూ అనలేదు. వలకి ఇటొకరు అటొకరు, రోడ్డు దాకా పక్కపక్కనే నడుచుకుంటూ వెళ్ళారు.

కెజియా బ్యాగు భుజాన వేసుకుంది. అవతల్నించి పెర్సిస్ గొంతు వినిపించింది.

"ఆ పాపిడితోనే వెళ్తావా పోటీకి? ఇటు రా."

కెజియా వలకి వీపు పెట్టి నిలబడింది. వల చిరిగిన చోటు నుంచి రెండు చేతులు ఇవతలికొచ్చి జడ విప్పాయి. ఆ వేళ్ళకి అంట్ల సబ్బు వాసన.

"రోజూ చూస్తూనే ఉన్నానే ఆ వంకర," అంది పెర్సిస్.

రోడ్డు మీద హారన్ మోగింది.

"బస్సొచ్చేసింది పెద్దమ్మా."

"ఆగుతుందిలే. కదలకు."